గ్రౌండ్ల గెలిచి కాగితం కాడ ఓడినం



పోస్టు కొంచెం పొడుగైంది. ఆర్మీ కోసం పొద్దుగాల లేచి గ్రౌండుకు పోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, వయసు దాటిపోయిందని ఇంట్లో కూర్చున్న అన్నలు చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఎవరికైనా పైసలు ఇచ్చే ముందు చదవండి.

పోయిన ఆదివారం సూర్యాపేటలో పదిహేను మందిమి కూర్చున్నాం. కోదాడ నుంచి నలుగురు, మిర్యాలగూడ నుంచి ఐదుగురు, మిగతావాళ్లం సూర్యాపేట చుట్టుపక్కల తండాలోళ్లం. అందరం ఎస్టీ హాస్టళ్లలో చదివినోళ్లమే. కూర్చున్న కారణం ఒక్కటే. ఆర్మీ వయసు దాటినోళ్లందరి పేరు మీద హైకోర్టులో కేసు వేయిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. మనిషికి ఐదు వేలు అడుగుతున్నాడు. "కేసు గెలిస్తే డైరెక్టుగ తీస్కుంటరు" అన్నాడట. మనోళ్లు ఇద్దరు అప్పటికే ఇచ్చేశారు. ఇంకో తమ్ముడు వాళ్ల యాడీ వెండి కడియాలు కుదువ పెట్టే ఆలోచనలో ఉన్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకుందామని కూర్చున్నాం.

మాలో ఒక తమ్ముడు లా చదువుతున్నాడు. తీర్పులు, ఆర్మీ నోటిఫికేషన్లు ప్రింట్ తీసుకొచ్చాడు. పొద్దున పది గంటలకు కూర్చుంటే లేచేసరికి చీకటి పడింది. ఆ రోజు మాకు అర్థమైంది మీకూ చెప్పాలని ఈ పోస్టు.

ముందు మిర్యాలగూడ అన్న సంగతి. పేరు రాయొద్దన్నాడు, రాయం. దామరచర్ల వైపు తండా. 2021లో ఆయనకు 22 ఏళ్లు. ట్రేడ్స్‌మెన్ పోస్టుకు పోయాడు. అప్పుడు జీడీకి 21 ఏళ్ల దాకా, ట్రేడ్స్‌మెన్‌కు 23 ఏళ్ల దాకా వయసు ఉండేది. రన్నింగ్ కొట్టాడు, బీమ్ కొట్టాడు, మెడికల్ పాసయ్యాడు. ఇక రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. తండాలో అందరూ "ఫౌజీ వచ్చిండు" అని పిలిచేవాళ్లు. వాళ్ల బాపు మేకను కోసి నలుగురికి పెట్టాడు.

రాతపరీక్ష కరోనా పేరు మీద వాయిదా పడింది. మళ్లీ పడింది. మళ్లీ పడింది. అదే ఏడాది జూలైలో ఎస్‌ఎస్‌సీ జీడీ నోటిఫికేషన్ వచ్చింది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ పోస్టులు. ఫారం నింపాలా అని అన్న మమ్మల్నే అడిగాడు. మేమేమన్నామంటే, "ఆర్మీ పరీక్ష రేపో మాపో పెడ్తరు, దాని మీదనే ఉండు అన్నా. రెండు పడవల మీద కాళ్లెందుకు." ఇది మేము చేసిన తప్పు. వేరేవాళ్ల మీద నెట్టేది కాదు. గ్రూపులో ఒప్పుకోవాలనే రాస్తున్నాం.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, పింఛను లేదు, నాలుగేళ్ల తర్వాత నూటికి ఇరవై ఐదు మందిని మాత్రమే ఉంచుకుంటారు. పాత భర్తీలన్నీ రద్దు. రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నోళ్లు కూడా మళ్లీ మొదటి నుంచి రావాలన్నారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రైళ్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, వరంగల్ జిల్లా బిడ్డ రాకేశ్ చనిపోయాడు. ఆ రోజు అక్కడికి పోయినోళ్లలో చాలామంది 2021 మార్చిలో హకీంపేట ర్యాలీ పాసై రాతపరీక్ష కోసం చూస్తున్నోళ్లే.

వయసు 21 అని పెట్టి, గొడవ అయ్యాక ఆ ఒక్క ఏడాదికి 23కు పెంచారు. 2022 అక్టోబర్‌లో అగ్నివీర్ ర్యాలీ మన సూర్యాపేటలోనే పెట్టారు. రాష్ట్రం మొత్తం నుంచి పిల్లలు వచ్చారు. అన్న అప్పటికి 23 దాటి కొన్ని నెలలు. గేటు బయట నిలబడి తమ్ముళ్లకు నీళ్ల సీసాలు, సంచులు పట్టుకున్నాడు. ఇప్పుడు 26 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీ. వంద కిలోల బస్తా ఎత్తుతున్నాడు. మెడికల్లో ఫిట్ అయిన ఒళ్లు ఎక్కడికి పోతుంది?

కేసుకు ఐదు వేలు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు ఆయనే.

ఇక కోర్టుల సంగతి. అన్నలాంటోళ్లు దేశమంతా కోర్టులకు పోయారు. కేరళ, పంజాబ్, బిహార్, ఢిల్లీ, ఇంకా చాలా చోట్ల. ఆ కేసులు రెండు రకాలు. ఒకటి, అగ్నిపథ్ పథకమే తప్పు అని. రెండోది, పథకం మీ ఇష్టం గానీ, పాత నోటిఫికేషన్ మీద పాసైన మమ్మల్ని మాత్రం తీసుకోండి అని. 2022 జూలై 19న సుప్రీంకోర్టు తన దగ్గరికొచ్చిన కేసులను ఢిల్లీ హైకోర్టుకు పంపింది. 2023 ఫిబ్రవరి 27న ఢిల్లీ హైకోర్టు అన్నిటినీ కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి సతీశ్ చంద్ర శర్మ, జస్టిస్ సుబ్రమణ్యం ప్రసాద్ ఉన్న బెంచ్. దేశ భద్రతకు సంబంధించిన విధాన నిర్ణయం, దీంట్లో కోర్టు వేలు పెట్టదు అన్నది తీర్పు సారం. దాని మీద సుప్రీంకోర్టుకు పోతే 2023 ఏప్రిల్ 10న అక్కడా కొట్టేశారు. పరీక్షలో కొన్ని మెట్లు ఎక్కినంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు వచ్చినట్టు కాదు అన్నారు.

లా చదివే తమ్ముడు ఇది చదివి వినిపించినప్పుడు ఎవరం మాట్లాడలేదు. అన్న ఒక్కటే అడిగాడు. "అంటే మేం ఉరికింది లెక్కల లేదా?"

లెక్కలోకి రాదు. చట్టం దాన్ని అలాగే చూస్తుంది. సెలెక్షన్ లిస్టులో పేరు వచ్చినా సర్కారు పోస్టులు నింపకుండా ఆపుకోవచ్చు, కాకపోతే దానికి సరైన కారణం ఉండాలి. ఇదే పాతకాలం నుంచి కోర్టులు చెప్తున్న మాట. కరోనా, కొత్త పథకం సరైన కారణాలే అని కోర్టు ఒప్పుకుంది. మనకు అన్యాయం అనిపించవచ్చు, మాకూ అనిపిస్తుంది. కానీ అది సుప్రీంకోర్టు దాకా నడిచి ఆగిపోయిన దారి. ఇప్పుడు మళ్లీ హైదరాబాద్‌లో అదే కేసు వేస్తే అదే గోడ తగులుతుంది. "గెలిస్తే డైరెక్టుగ తీస్కుంటరు" అన్న మనిషికి ఇది తెలియదా, తెలిసే అడిగాడా మాకు తెలియదు. పైసలు మాత్రం ఇవ్వొద్దని తేల్చుకున్నాం.

అయితే సైన్యం రూల్స్ మీద కోర్టుకు పోయి గెలిచినోళ్లు లేరా? ఉన్నారు. వాళ్లెట్లా గెలిచారన్నది చూడాలి.

మన చెల్లెళ్లు ఇది గట్టిగా చదవండి. ఎన్‌డీఏ పరీక్ష 2021 దాకా మగపిల్లలకే. ఇంటర్ చదివే ఆడపిల్లకు ఫారం నింపే హక్కు కూడా లేదు. కుశ్ కాల్రా అనే లాయర్ సుప్రీంకోర్టుకు పోయాడు. 2021 ఆగస్టు 18న ఆడపిల్లలను పరీక్ష రాయనివ్వండి అని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సర్కారు ఏర్పాట్లకు టైం కావాలి, వచ్చే ఏడాది నుంచి రాయిస్తాం అంది. కోర్టు సెప్టెంబర్ 22న ఒప్పుకోలేదు. ఆ నవంబర్ 14నే ఆడపిల్లలు పరీక్ష రాశారు. 2025 మే 30న మొదటి బ్యాచ్ 17 మంది అమ్మాయిలు ఎన్‌డీఏ నుంచి పాసై బయటికొచ్చారు.

దానికి ముందు 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో మహిళా ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టు 11న ఆర్మీ లా విభాగంలో మగవాళ్లకు ఆరు పోస్టులు, ఆడవాళ్లకు మూడు అని విడగొట్టడం చెల్లదంది. లా చదివే గిరిజన చెల్లెళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ విభాగంలోకి లా డిగ్రీతో పోవచ్చని మనలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ తేడా గమనించండి. అగ్నిపథ్ కేసులో అడిగింది, "మీ విధానం మార్చండి, మాకు ఉద్యోగం ఇవ్వండి" అని. ఎన్‌డీఏ కేసులో అడిగింది, "అందరితో పాటు మమ్మల్నీ పరీక్ష రాయనివ్వండి" అని. మొదటిదానికి కోర్టు చేతులు కట్టుకుంటుంది. రెండోదాంట్లో రాజ్యాంగం 14, 16 అధికరణాలు ముందుకొస్తాయి. ఇద్దరిని వేరుగా చూస్తే, ఎందుకు వేరుగా చూస్తున్నావో సర్కారు కారణం చెప్పాలి. ఆ కారణానికి, రూలు పెట్టిన ఉద్దేశానికి సంబంధం ఉండాలి. సంబంధం లేకపోతే రూలు నిలబడదు.

ఈ మాట దగ్గర కోదాడ తమ్ముడు చెయ్యెత్తాడు. వాడి సంగతి కూడా చెప్పాలి.

వాడికి 19 ఏళ్లు. సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసుకుంటూ ప్రాక్టీసు చేస్తున్నాడు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల లోపల కొడతాడు, అంటే మొదటి గ్రూపు, 60 మార్కులు. బీమ్ పది తీస్తాడు, 40 మార్కులు. ఎత్తు 164 సెంటీమీటర్లు. జీడీకి మన రాష్ట్రం వాళ్లకు కావాల్సింది 166. కానీ నోటిఫికేషన్లోనే ఇంకో లైను ఉంది. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల గిరిజనులకు 162 చాలు. తమ్ముడు ఎస్టీ సర్టిఫికెట్ పట్టుకుని ఒక ర్యాలీకి పోయాడు. కొలిచే దగ్గర ఆపారు. సర్టిఫికెట్ చూపించాడు. "ఇది కులం సర్టిఫికెట్. మీది గిరిజన ప్రాంతం కాదు" అన్నారు. రెండు సెంటీమీటర్లకు తిరిగొచ్చాడు.

ఈ లైను మీద మేము రెండు గంటలు మాట్లాడాం. ఎందుకంటే ఇది ఒక్క కోదాడ తమ్ముడి సంగతి కాదు. మైదాన ప్రాంతాల్లో ఉన్న మన తండాలన్నిటి సంగతి.

రాజ్యాంగంలో రెండు వేరు వేరు మాటలున్నాయి. షెడ్యూల్డ్ తెగ ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతం ఇంకొకటి. తెగల జాబితా 342 అధికరణం కింద. ప్రాంతాలు ఐదో షెడ్యూల్ కింద. తెలంగాణలో లంబాడీలు, సుగాలీలు, బంజారాలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలోకి వచ్చారు. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాలు పాత ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మాత్రమే. పాత నల్గొండ జిల్లాలో ఒక్క ఊరు కూడా లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏవీ రావు. అంటే మనం తెగలో ఉన్నాం, ప్రాంతంలో లేం.

ఇంకో విచిత్రం చూడండి. అదే నోటిఫికేషన్లో టాటూ రూలు ఉంది. మామూలుగా మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనక వైపు మాత్రమే పచ్చబొట్టు ఉండొచ్చు. వేరే చోట ఉంటే తీసేస్తారు. కానీ కేంద్రం గుర్తించిన గిరిజన తెగల వాళ్లకు, వాళ్ల ఆచారం ప్రకారం వేసుకున్నదైతే ఒంటి మీద ఎక్కడున్నా ఒప్పుకుంటారు. ఇక్కడ ప్రాంతం అడగలేదు, తెగ అడిగారు. మన యాడీల ముఖాల మీద, చేతుల మీద ఉన్న పచ్చబొట్లు తండా ఎక్కడుందని చూసి వేసినవి కాదు కదా. పచ్చబొట్టుకు తెగ చాలు అన్నోళ్లు, ఎత్తుకు తెగ చాలదు అంటున్నారు. మా వాదన ఇక్కడే ఉంది. ఎత్తులో సడలింపు ఎందుకిచ్చారు? గిరిజనుల శరీరం తీరు వేరు అని. మరి తండా ఉట్నూరులో ఉంటే ఒక శరీరం, చివ్వెంలలో ఉంటే ఇంకో శరీరం ఉంటుందా? ఉట్నూరు లంబాడీ, చివ్వెంల లంబాడీ ఒకరింటికి ఒకరు పిల్లనిచ్చుకునేవాళ్లే.

టాటూ మాట వచ్చింది కాబట్టి తమ్ముళ్లకు ఒక మాట. ఆచారం అంటే ఆచారమే. జాతరలో హీరో బొమ్మ గుండె మీద వేయించుకుని "మా తెగ ఆచారం" అంటే నడవదు. నవ్వొద్దు, మాలో ఒకరు ఆ పని చేసినోళ్లున్నారు. ఆచారమే అయితే అధికారి సర్టిఫికెట్, తెగ పెద్ద సంతకం అడుగుతారు. ర్యాలీకి ముందే తీసిపెట్టుకోవాలి. ఎయిర్‌ఫోర్స్‌లో అపాయింట్‌మెంట్ వచ్చాక టాటూ వల్ల రద్దయిన ఒకాయన కోర్టుకు పోతే, 2017లో ఢిల్లీ హైకోర్టు ఎయిర్‌ఫోర్స్ చేసిందే సరైంది అంది.

ఎత్తు కేసు గెలుస్తామా? చెప్పలేం. శారీరక ప్రమాణాలు పెట్టడం సైన్యం పని, మా పని కాదు అని కోర్టు అనొచ్చు. కానీ ఇది గోడ కాదు, తలుపు. తట్టి చూడాల్సిన తలుపు. దానికి మనిషికి ఐదు వేలు అక్కర్లేదు.

ఎట్లాగో చెప్తాం. మొదట ఆర్‌టీఐ. పది రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు అదీ లేదు. ఎత్తు సడలింపుకు తెలంగాణలో ఏ ఏ ప్రాంతాలను గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాలుగా లెక్కిస్తున్నారు, ఏ ఉత్తర్వు ప్రకారం అని అడుగుతున్నాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండోది వినతిపత్రం. రక్షణ శాఖకు, జాతీయ ఎస్టీ కమిషన్‌కు. మూడోది, జవాబు సరిగ్గా రాకపోతే హైకోర్టులో రిట్. న్యాయ సేవల చట్టం 1987లో సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. లాయర్ ఫీజు సర్కారే కడుతుంది. సూర్యాపేటలో, నల్గొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. ఫోను చేయాలంటే 15100. మనకున్న ఈ హక్కును వాడుకోకుండా యాడీ కడియాలు కుదువ పెడుతున్నాం.

అన్నిటికంటే ముఖ్యం, సైన్యం ఒక్కటే దారి అనుకోవద్దు. ఆర్మీ రక్షణ శాఖ కింద ఉంటుంది, జవాన్ల భర్తీలో ఎస్టీ రిజర్వేషన్ లేదు, వయసు సడలింపు లేదు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ హోం శాఖ కింద ఉంటాయి. ఎస్‌ఎస్‌సీ జీడీ ద్వారా తీసుకుంటారు. అక్కడ ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. వయసు 23 దాటాక ఇంకో ఐదేళ్ల సడలింపు. ఎత్తు మగవాళ్లకు 170 అయితే మనకు 162.5. ఏ ప్రాంతమని అడగరు, తెగ చూస్తారు. కోదాడ తమ్ముడు 164తో అక్కడ ఫిట్. మిర్యాలగూడ అన్న 26 ఏళ్లతో అక్కడ ఇంకా అర్హుడే. 2021లో మేం వద్దన్న ఫారం అదే.

ఈ మాట చెప్పినప్పుడు అన్న మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. "అప్పుడు మీకూ తెల్వదు, నాకూ తెల్వదు" అన్నాడు. లేచి బయటికి పోయి బీడీ తాగొచ్చాడు. వచ్చి, "ఇంక ఎన్నిసార్లు రాయొచ్చు?" అని అడిగాడు. తమ్ముడు వేళ్ల మీద లెక్కబెట్టాడు. ఒకటి, మహా అయితే రెండు.

సాయంత్రం కోర్టు చౌరస్తా వైపు నడిచాం. కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం దగ్గర కాసేపు ఆగాం. మన సూర్యాపేట బిడ్డ. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చాడు. ఆయన కమాండ్ చేసింది 16 బిహార్ బెటాలియన్. ఆ రెజిమెంట్ నిండా జార్ఖండ్, ఒడిశా అడవుల నుంచి వచ్చిన ఆదివాసీ జవాన్లు. ఆ రాత్రి చనిపోయిన 20 మందిలో నుదురాం సోరెన్ ఉన్నాడు, గణేశ్ హంసదా ఉన్నాడు. ఇద్దరూ సంతాల్ బిడ్డలు. కోదాడ తమ్ముడికి ఈ సంగతి తెలియదు. విగ్రహం కింద పేరు చదువుతూ, "అయితే మనోళ్లు ఆయన పక్కనే ఉన్నరన్నట్టు" అన్నాడు.

ఉన్నారు. రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగకపోతే ఇంకా ఉంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఎత్తు దగ్గర, గిరిజన ప్రాంతం కాదన్న కారణంతో ఆపిన తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, అడ్మిట్ కార్డు, ఎస్టీ సర్టిఫికెట్ జిరాక్సు, ఏ తేదీ, ఎంత ఎత్తు కొలిచారు అన్నది రాసి అడ్మిన్లకు పంపండి. గ్రూపులో అందరికీ కనబడేలా పెట్టొద్దు. ఒక్కరు అడిగితే ఒక్కడి గోడు, యాభై మందిమి అడిగితే అది ప్రశ్న. రిజెక్ట్ చేసినప్పుడు కాగితం ఇచ్చి ఉంటే పారేయొద్దు. ఇవ్వకపోతే అడగండి. ఆ కాగితం లేకుండా ఏ కోర్టులోనూ మన మాట మొదలుకాదు.

కేసు పేరు మీద పైసలు ఇచ్చిన ఇద్దరూ తిరిగి అడుగుతున్నారు. వస్తే చెప్తాం. రాకపోయినా చెప్తాం.

అన్న మళ్లీ రన్నింగ్ మొదలుపెట్టాడు. మిల్లులో డ్యూటీ దిగేసరికి రాత్రి పది. పొద్దున నాలుగున్నరకు ఎన్‌ఎస్పీ కాలువ కట్ట మీద ఉంటున్నాడు. మొదటి రోజు సగం దూరంలోనే ఆగిపోయాడట. మిర్యాలగూడ వాళ్లు ఎవరైనా ఆ టైముకు లేస్తే, ఒక్కడే ఉరుకుతున్నాడు, పక్కన ఉరకండి.